బిడ్డల తొలిపలుకులు

గతమాసమున పసిబిడ్డల నిద్రనుగూర్చి ముచ్చటించుకొంటిమి. ఈ మాసమున వారి మాటలనుగూర్చి ముచ్చటించుకొందము. బిడ్డ యెన్నడు బోర్లపడినది, యెన్నడు పాకినది, తొలిపన్ను ఎన్నడు వచ్చినది యని వేళ్లమీద లెక్కించి చెప్పగల తల్లులు మనలో పెక్కండ్రు గలరు. బిడ్డ యెన్నడు చప్పుడునకు తలత్రిప్పినదని యడిగినచో వెంటనే చెప్పగలవారు అరుదు. మాటకు మూలము వినికిడి. కావున నోటినిగూర్చి తెలిసికొనుటకు ముందు చెవినిగూర్చి తెలిసికొనుట యావశ్యకము.

భాష పుట్టుకతోనే వచ్చునా, విని నేర్చుకొనగా వచ్చునా యను సందేహము మిగుల ప్రాచీనమైనది. మొగలు చక్రవర్తియగు అక్బరు పాదుషా ఈ సందేహమును తీర్చుకొనదలచి కొందరు పసికందులను తల్లుల యొడినుండి వేరుచేసి ఒక భవనమున నుంచెను. దాదులు పాలియ్యవచ్చును, స్నానము చేయింపవచ్చును. కాని వారియెదుట ఒక్క మాటయు పలుకరాదని కట్టడి చేసెను. 1582వ సంవత్సరమున పాదుషా ఆ భవనమునకు పోయి చూడగా బిడ్డలనుండి మాటయన్నది వెలువడలేదు. దానికి గుంగ్ మహలు, అనగా మూగవారి మేడ యని పేరు నిలిచినది. ఆ బిడ్డలకు తిండికి లోపము లేదు, బట్టకు లోపము లేదు. పలుకరించు మనిషియే లేకపోయెను. పాలవలెనే పలుకరింపు కూడ శిశువునకు ఆహారమని ఈ యొక్క కథవలన తెలియుచున్నది.

ఉగ్గుపాలతో అబ్బిన భాష యని మనవారందురు. నిజమునకు ఉగ్గుపాలకు ముందే ఆ పాఠము మొదలగును. గర్భమున ఆరవనెల గడచునప్పటికి శిశువు చెవి పనిచేయ నారంభించును. తల్లి మాటలాడునపుడు ఆమె కంఠధ్వని, మాటల యెత్తుపల్లములు, లయ లోపలి బిడ్డకు వినబడుచుండును. 1980లో అమెరికా దేశమున డికాస్పరు, ఫైఫరు అను నిద్దరు పరిశోధకులు అప్పుడే పుట్టిన శిశువుల నోట ఒక తిత్తి నుంచి, చీకెడి తీరునుబట్టి తల్లి కంఠముగాని వేరొక స్త్రీ కంఠముగాని వినబడునట్లు ఏర్పాటు చేసిరి. పుట్టి మూడుదినములైన నిండని ఆ బిడ్డలు తల్లి కంఠము వినబడుటకై తాము చీకెడి తీరునే మార్చుకొనిరి. కావున పురిటిమంచము మీదనే బిడ్డతో మాటలాడు తల్లిని చూచి, “దానికేమి తెలియును? గోడతో మాటలాడినట్లు మాటలాడుచున్నావు” అని పరిహసించువారికి ఇకమీదట మీరు సమాధానము చెప్పగలరు.

ఇక మాటలు వచ్చు క్రమమును గమనింతము. మొదటి నెలలో ఏడుపే భాష. ఆకలి యేడుపునకును, నొప్పి యేడుపునకును భేదమును తల్లి కొలదిదినములలో గుర్తింపగలదు. రెండవ నెలలో “ఉంగా, ఉంగా” యని ఊసులాడ నారంభించును. ఆరవనెల మొదలు పదవనెలలోపల “బబబ, మమమ, దదద” యని ఒకే అక్షరమును గొలుసుగా పలుకును. ఇది అర్థములేని చప్పుడని త్రోసివేయరాదు. సంగీతము నేర్చువారు సరళీస్వరములు సాధనచేయునట్లు పెదవిని, నాలుకను, ఊపిరిని ఒకదానితో నొకటి కలుపు సాధనయిది. పెదవులు మూసి తెరచుటతో వచ్చు మ, బ, ప లును, నాలుకకొన తాకుటతో వచ్చు త, ద లును అందరు బిడ్డలకును ముందుగా పట్టువడు ధ్వనులు. మన చుట్టరికపు పేర్లను ఒకమారు తలచుకొనుడు: అమ్మ, అబ్బ, అవ్వ, అత్త, తాత, మామ. బిడ్డ నోటికి అందునట్లుగా పెద్దలు తమ పేర్లను తామే అమర్చి పెట్టుకొనిరా యన్నట్లున్నవి. రోమన్ యాకబ్సన్ అను భాషాశాస్త్రజ్ఞుడు 1960లో ఇదే సంగతిని అనేక దేశముల భాషలకు అన్వయించి వివరించెను.

పుట్టి యేడాది నిండువేళకు తొలిమాట వచ్చును. కొందరు పదవనెలలోనే పలుకుదురు, కొందరు పదునైదు నెలలకు పలుకుదురు. అయినను మాట నోటికి రాకముందే దాని యర్థము బిడ్డకు తెలియుచుండును. “తాత ఏడి?” అనగానే తాతవైపు చూచు బిడ్డ ఆ మాటను తన దానినిగా చేసికొన్నట్లే. రెండవయేడు నిండునప్పటికి సాధారణముగా ఏబది మాటలైనను వచ్చును. రెండేసి మాటలు కూర్చి “పాలు వద్దు”, “నాన్న ఏడి”, “అమ్మ బువ్వ” అనును. ఆ రెండు మాటలలో వాక్యమంతయు నున్నది. మూడవయేట పరాయివారికి కూడ వాని మాటలు చాలవరకు తెలియవలెను. నాలుగవయేట దాదాపు అన్నియు తెలియవలెను. ర, ళ, ష వంటి ధ్వనులు కొందరికి ఆ పిమ్మట గాని తిన్నగా రావు. “రాముడు” అనుటకు “లాముడు” అను మూడేండ్ల బిడ్డను గద్దింప బనిలేదు.

బిడ్డ చేయు కొన్ని తప్పులు తప్పులు కావు, తెలివికి గురుతులు. “పువ్వు” పువ్వులైనపుడు “ఇల్లు” ఇల్లులు కావలదా యని బిడ్డ మనస్సు తర్కించును. అందుచే “ఇండ్లు” అనక “ఇల్లులు” అనును. ఇంట ఎవ్వరును “ఇల్లులు” అనరు. కావున అది వినికిడివలన వచ్చినది కాదు, లోపల ఒక సూత్రమును తానే కట్టుకొన్నందున వచ్చినది. 1958లో జీన్ బెర్కో అను విదుషీమణి చిన్నబిడ్డలకు ఎన్నడును విననట్టి కల్పితపు పేరు గల బొమ్మను చూపి, అట్టివి రెండున్నచో ఏమందువని యడుగగా, బిడ్డలు జంకులేక దానికి బహువచనమును కూర్చి చెప్పిరి. చిలుకవలె అప్పగించుటయే అయినచో వినని మాటకు బహువచనము ఎట్లు చెప్పగలరు? కావున అట్టి తప్పులకు నవ్వరాదు, కసరరాదు. “ఆ, ఎన్ని ఇండ్లో!” అని సరియైన మాటను మన జవాబులో కలిపి చెప్పినచో చాలును. బిడ్డ దానిని తనంతట తాను దిద్దుకొనును.

ఇప్పుడొక ప్రశ్న వచ్చును. బువ్వ, లాల, బజ్జ, జేజ యని ముద్దుమాటలాడుట మంచిదా, చెడ్డదా? చెడ్డదికాదు. మన పూర్వులు బిడ్డలకొరకై ఒక చిన్న నిఘంటువునే కూర్చి యుంచిరి. అందలి మాటలన్నియు పొట్టివి, జంటహల్లులవి, నోటికి సులువైనవి. తల్లి గొంతెత్తి, సాగదీసి, రాగముతో పలుకు తీరు శిశువు చెవిని ఎక్కువగ ఆకర్షించునని నేటి పరిశోధకులును చెప్పుచున్నారు. కాని బిడ్డ వంకరగా పలికిన మాటను ముద్దుకొరకై మనమును వంకరగానే యేండ్లతరబడి పలుకుట మాత్రము తగదు. నేర్చుకొనుటకు వాని యెదుట ఒక సరియైన మాదిరి ఉండవలెను గదా.

బిడ్డ చెవి ఎంత సూక్ష్మమైనదో తెలుపు మరియొక విషయము మన భాషలకు సంబంధించినది. “త” కారమునకును “ట” కారమునకును గల భేదము మనకు సులభము. ఇంగ్లీషువారి చెవికి మిగుల కష్టము. 1984లో జానెట్ వెర్కరు, రిచర్డు టీసు అనువారు కెనడా దేశమున హిందీభాషలోని ఈ రెండు ధ్వనులను ఇంగ్లీషుమాత్రమే వినబడు ఇండ్ల శిశువులకు వినిపించిరి. ఆరేడునెలల బిడ్డలు ఆ భేదమును చక్కగా గుర్తించిరి. ఏడాది నిండవచ్చిన బిడ్డలలో ఆ శక్తి చాలవరకు సన్నగిల్లెను. అనగా శిశువు లోకమందలి ధ్వనులన్నిటికి చెవియొగ్గి పుట్టును. తన యింట వినబడు వానిని నిలుపుకొని, వినబడని వానిని ఏడాదిలోపలనే విడిచిపెట్టును. మొదటియేడు ఎంత విలువైనదో ఇందువలన గ్రహింపుడు.

ఇంట ఒకటికంటె నెక్కువ భాషలున్నచో ఏమి చేయవలెనని తల్లులకు సందేహము కలుగుచుండును. హైదరాబాదునుండి బెంగుళూరుకు పోవు రాజమార్గముమీద, శంషాబాదు చేరువనున్న సాతంరాయి వంటి ఊళ్లలో ఈ ప్రశ్న ప్రతి వాకిటను ఉన్నది. అచ్చట తెలుగును ఉర్దూయును తరతరములుగా ఒకే బావివద్ద నీరు చేదుకొన్న భాషలు. 2008వ సంవత్సరము మార్చినెలలో శంషాబాదున విమానాశ్రయము తెరువబడిన పిమ్మట పనులకై దూరప్రాంతములనుండి వచ్చినవారి భాషలు వానికి తోడైనవి. ఆకాశమున విమానము తక్కువయెత్తున పోవుచుండగా చంకలోని బిడ్డ వ్రేలు చూపును. అవ్వ “అగో, గాలిమోటరు వోతున్నది సూడు బిడ్డా” అనును. తల్లి “విమానము” అనును. పొరుగింటి ఉర్దూ సోదరి “జహాజ్” అనును. బడికి పోవు అన్న “ఏరోప్లేన్” అనును. ఒక వస్తువునకు నాలుగు పేర్లు వినిన బిడ్డకు మతి చెదరునేమో యని కొందరు భయపడుదురు. ఆ భయము నిరాధారము. రెండుమూడు భాషలు వినుటవలన మాట ఆలస్యమగునని పరిశోధనలు చూపలేదు. అట్టి బిడ్డకు ఒక్కొక్క భాషలో మాటలు కొంచెము తక్కువగ కనబడినను, అన్నిటిని కలిపి లెక్కించినచో వెలితి యుండదు. ఒక వాక్యమున రెండు భాషలు కలిపి పలికినను కలవరపడ నక్కరలేదు. ఏ మాట ఎవరితో పలుకవలెనో మూడు నాలుగేండ్లలో చక్కగా వేరుపరచుకొనును.

కాని ఈ సందర్భమున నొక హెచ్చరిక చేయవలసియున్నది. బడిలో ప్రవేశము సులభమగునను ఆశతో కొందరు తల్లులు తమ నోటికి అలవాటైన తెలుగును మాని, తమకే సరిగా రాని ఇంగ్లీషులో బిడ్డతో మాటలాడబూనుచున్నారు. “కమ్”, “సిట్”, “ఈట్”, “నో” అను నాలుగైదు ఆజ్ఞలతో దినము గడచుచున్నది. ఆజ్ఞలే కాని కబుర్లు లేవు. కథ చెప్పుటకు, బుజ్జగించుటకు, ఎందుకో యేమిటో వివరించుటకు తల్లికి మాటలు చాలవు. బిడ్డకు దక్కవలసిన వేలకొలది మాటలు ఆమె గొంతులోనే నిలిచిపోవుచున్నవి. ఇంగ్లీషు పిదప బడిలో వచ్చును, అడ్డులేదు. మీ గుండెలోనుండి ఏ భాష తడుముకొనకుండ వచ్చునో ఆ భాషలోనే బిడ్డతో మాటలాడుడు. అది తెలుగైనను సరే, ఉర్దూయైనను సరే, లంబాడీయైనను సరే.

మాటలు పెంపొందుటకు చేయదగిన పనులు సులభమైనవి, ఖర్చులేనివి. బిడ్డ దేనివైపు చూచుచున్నదో దాని పేరు చెప్పుడు; మీరు చూపదలచినదానిని చూడుమని బలవంతపెట్టుటకంటె ఇది మేలు. స్నానము చేయించునపుడు, కూరగాయలు తరుగునపుడు, బట్టలు మడుచునపుడు చేయుచున్న పనిని చెప్పుచుండుడు. బిడ్డ ఊసులాడినచో మీరును పలికి, పిమ్మట కొంచెము ఆగుడు. వాని వంతు వానికి ఇయ్యవలెను. సంభాషణము అనునది ఇచ్చిపుచ్చుకొనుట యని బిడ్డ అట్లే నేర్చును. చందమామను పిలుచు పాటలు, చేతులు తట్టించు ఆటలు, ఊయెలపాటలు మానవలదు. వానిలో ఒకే మాట మరలమరల వచ్చుటచే బిడ్డకు రానున్న మాట ముందే తెలియును. తెలిసిన మాటను అందుకొనుటకు నోరు తానే తెరచును. ఏడాది నిండినది మొదలు బొమ్మలపుస్తకమును ఒడిలో పెట్టుకొని దినమునకు పదినిమిషములైనను చూపుడు.

సెల్‌ఫోనును గూర్చి చెప్పకున్న ఈ వ్యాసము అసంపూర్ణమగును. బువ్వ తినుటకు, ఏడుపు మానుటకు బిడ్డ చేతికి ఫోను ఇచ్చుట నేడు ఇంటింట నున్న యలవాటు. అందులోని పాటలవలన బిడ్డ మాటలు నేర్చుననుకొనుట పొరపాటు. 2003లో పెట్రీషియా కూల్ అను శాస్త్రజ్ఞురాలు తొమ్మిదినెలల అమెరికా శిశువులకు చైనాభాషను రెండువిధముల వినిపించెను. కొందరికి మనుష్యులే ఎదుట కూర్చుండి ఆడించుచు, చదువుచు వినిపించిరి. కొందరికి అవే మాటలు యంత్రపు తెరమీద వినిపించిరి. మనుష్యులతో గడపిన బిడ్డలు ఆ భాషాధ్వనులను పట్టుకొనిరి. తెరను చూచిన బిడ్డలకు ఏమియు అబ్బలేదు. టెలివిజను ఎవ్వరును చూడకున్నను మ్రోగుచుండుట కూడ హానియే. 2009లో ప్రకటింపబడిన ఒక పరిశోధనమున, అది మ్రోగు ఒక్కొక్క గంటకు బిడ్డ చెవినిబడు పెద్దల మాటలు సుమారు 770 తగ్గుచున్నవని తేలినది. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో ఏడాదిలోపు బిడ్డలకు తెర అసలే కూడదనియు, రెండు మొదలు నాలుగేండ్ల బిడ్డలకు దినమునకు ఒక గంటకు మించరాదనియు నిర్దేశించినది. దూరముననున్న నాయనమ్మ ఫోనులో కనబడి పలుకరించుట వేరు. అచ్చట ఎదుట మనిషి కలదు, జవాబు కలదు.

ఇప్పటివరకు చెప్పినదంతయు చక్కగా వినగల బిడ్డలకు సంబంధించినది. ఇక ముఖ్యమైన సంగతికి వత్తము. పుట్టు ప్రతి వేయిమంది బిడ్డలలో ఒకరు మొదలు ముగ్గురివరకు వినికిడి లోపముతో పుట్టుచున్నారు. దగ్గరి రక్తసంబంధమున వివాహములు జరుగు కుటుంబములలో ఈ యపాయము హెచ్చు. మన ప్రాంతమున మేనరికములు ఎంత వాడుకయో మీకు తెలియును. చెవిటి బిడ్డయు మొదటి నెలలలో ఏడ్చును, నవ్వును, ఉంగాయనును. అందుచే ఎవ్వరికిని అనుమానము కలుగదు. ఆరవనెల పిమ్మట రావలసిన “బబబ, మమమ” మాత్రము సమయమునకు రాదు. అప్పుడైనను గమనింపవలెను.

కాని గమనించినను మన యిండ్లలో ఏమి జరుగుచున్నది? “వాని మేనమామకు నాలుగేండ్లవరకు మాటలు రాలేదు” అని యొకరందురు. “మగపిల్లలకు ఆలస్యమే” అని మరియొకరు. “నాలుక క్రింది పొర కోయించుడు” అని వేరొకరు. వసకొమ్ము అరగదీసి తేనెతో నాకింపుమని పెద్దలందురు. అదుపులేక మాటలాడు పిల్లను వసపిట్ట యని మనము పిలుచుట ఈ నమ్మకమువలననే. పెద్దల ప్రేమను శంకింపవలదు. కాని వస మాటలు తెప్పింపదు. అందులో అసరోన్ అను పదార్థము కలదు. అది హానికరమని 1968లో అమెరికా ప్రభుత్వము ఆహారములలో వసను నిషేధించెను. ఏడాది నిండని బిడ్డకు తేనెయు ప్రమాదకరమే. నాలుక క్రింది పొర కొన్ని ధ్వనులకు అడ్డుపడునేమో కాని, మాటలే రాకుండ చేయదు. మగపిల్లలు ఆడపిల్లలకంటె కొంచెము వెనుకబడుదురన్నది నిజమే; ఆ కొంచెము నెలలలో లెక్కింపవలసినదే కాని యేండ్లలో కాదు.

ఈ గురుతులను జ్ఞాపకముంచుకొనుడు. ఆరునెలలకు చప్పుడువైపు తలత్రిప్పకున్నను, పదినెలలకు అక్షరములు గొలుసుగా పలుకకున్నను, ఏడాదికి వ్రేలు చూపుట, చేయి ఊపుట వంటి సైగలు లేకున్నను, పదునారు నెలలకు ఒక్క మాటయు రాకున్నను, రెండేండ్లకు రెండు మాటలు కూర్చి పలుకకున్నను పరీక్ష చేయింపవలెను. వచ్చిన మాటలు ఏ వయస్సుననైనను పోయినచో ఒక్క దినమైనను ఆలస్యము చేయరాదు. వెనుకనుండి పళ్లెము మ్రోగించి చూచి తృప్తిపడవలదు. పెద్ద చప్పుడు విని సన్నని మాటలు వినలేని బిడ్డలు కలరు. నిద్రించు శిశువు చెవిలో మెత్తని బిరడాయుంచి కొన్ని నిమిషములలో చేయు పరీక్ష కలదు; దానివలన నొప్పియే లేదు. నెలలోపల పరీక్ష, మూడునెలలలోపల నిర్ధారణ, ఆరునెలలలోపల చికిత్స యని వైద్యుల నియమము. ఆరునెలలలోపల లోపము కనిపెట్టబడిన బిడ్డలు ఆలస్యముగా కనిపెట్టబడినవారికంటె భాషయందు ఎంతో ముందుందురని క్రిస్టీన్ యోషినాగా ఇటానో మొదలగువారు 1998లో నిరూపించిరి.

ఈ పరీక్షలకై హైదరాబాదున కోఠిలోని ప్రభుత్వ చెవి ముక్కు గొంతు వైద్యశాల కలదు. 1983లో బొంబాయిలో స్థాపింపబడి, హైదరాబాదువాడైన నవాబు అలీ యావర్ జంగు పేరు వహించిన జాతీయసంస్థకు సికిందరాబాదు మనోవికాసనగరున శాఖ కలదు. 2013 నుండి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద అంగన్‌వాడీలకు వచ్చు వైద్యబృందములు వినికిడిని, మాటను కూడ విచారింపవలసియున్నది. మీరే ముందుగ అడుగుడు. లోపమున్నదని తేలినచో దుఃఖము సహజము. కాని వినికిడి యంత్రములు కలవు, చెవిలోపల శస్త్రచికిత్సతో అమర్చు సాధనములు కలవు, సైగలభాష కలదు. సైగలభాష వ్యాకరణము గల పూర్ణమైన భాష. అది నేర్పుట బిడ్డను తక్కువచేయుట కాదు. పిలుపు ఏ దారిన వచ్చినను బిడ్డ మనస్సు అందుకొనును. ఏ దారినను పిలుపు రాకుండ గడచిన యేండ్లు మాత్రము తిరిగి రావు.

తల్లికి అనుమానము కలిగి అత్తగారు, భర్త కొట్టివేసిన సందర్భములు మన యిండ్లలో కొల్లలు. అట్టి సోదరి జంకవలదు. దినమంతయు బిడ్డను ఎత్తుకొని తిరుగునది ఆమెయే. ఆమె కనిపెట్టినదానిని వైద్యులు గౌరవింపవలెను. పరీక్షలో లోపము లేదని తేలినచో పోయినది ఒక్క పూట బస్సు ప్రయాణము. ఉన్నదని తేలినచో దక్కినది బిడ్డ బ్రతుకంతయు.

ఈ మాసమున మీ యింటగాని, ఇరుగుపొరుగునగాని రెండేండ్లలోపు బిడ్డ యున్నచో ఒక వారము దినములు గమనించి, వాడు విన్నవి, పలికినవి ఒక కాగితముమీద వ్రాసియుంచుడు. సంతోషింపదగినవైనచో ఆ కాగితము బిడ్డ పెద్దయైనపిదప చదువుకొనును. అనుమానింపదగినవైనచో దానినే వైద్యునియొద్దకు తీసికొనిపొండు.